నా వంతు ఉమ్ము

మా మనవరాలు కీర్తన మా ఇంట్లో మొట్టమొదట ఉమ్మింది ఫక్రున్నీసా గారి మీద. ఆవిడ మా ఎదుటి ఫ్లాటులో ఉంటారు. తన చేత్తో కుట్టిన గౌను తెచ్చి, పిల్లకు తొడిగి, వెనక బొత్తాలు పెట్టి, భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుని, "ఎంత బాగుందమ్మా మా బంగారుకొండ!" అన్నారు. పిల్ల ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. నోరు సున్నాలా చుట్టింది. థూ! నిండు తడితో, గురి తప్పకుండా, ఎడమ చెంప మీద.

నాకు తల కొట్టేసినట్టయింది. హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా జీవశాస్త్రం చెప్పినదాన్ని. కరోనా రోజుల్లో మా స్కూలు ఆవరణలో ఎవరైనా ఉమ్మితే, వాళ్ళు టీచర్లయినా సరే, బకెట్టు చేతికిచ్చి కడిగించిన మనిషిని. నా ఇంట్లో, నా మనవరాలు!

"పోనిద్దురూ టీచర్ గారూ, పసిది," అంటూ ఫక్రున్నీసా గారు కొంగుతో చెంప తుడుచుకున్నారు. ఆవిడ మంచిది కాబట్టి నవ్వారు. నేను మాత్రం ఆ రోజే యుద్ధం ప్రకటించాను.

అప్పటికి పిల్ల మా ఇంటికి వచ్చి వారమైనా కాలేదు. మా కోడలు శ్రీదుర్గ మళ్ళీ ఉద్యోగంలో చేరేనాటికి నాకింకా సర్వీసు ఉంది. చూసుకునే మనిషి లేక పిల్లను చల్లపల్లిలో దుర్గ వాళ్ళమ్మ సీతారావమ్మ గారి దగ్గర ఉంచారు. మావాడు సిద్ధార్థ, దుర్గ ప్రతి శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళడం, సోమవారం పొద్దున్నే కళ్ళు వాచిపోయి రావడం. ఏడాదికి పైగా ఇదే వరస. మార్చి నెలాఖరున నేను రిటైరయ్యాను. సన్మానం శాలువా ఇంకా మడత పెట్టకుండానే చల్లపల్లికి ఫోన్ చేసి, "ఇక పిల్ల ఇక్కడే ఉంటుంది వదినగారూ," అన్నాను.



"అట్టాగేనండి," అన్నారు ఆవిడ. "తల్లీ తండ్రీ ఉన్నచోటే పిల్ల ఉండాలి, నేను కాదన్ను. ఈ ఎండాకాలమంతా చూడండి. మీకు మాలిమైతే అంతకంటే ఏం కావాలి! బెంగపెట్టుకుంటే మటుకు బళ్ళు తెరిచేసరికి నాకు పంపించెయ్యాలి. పసిదాన్ని ఏడిపించమాకండి."

సబబైన ఒప్పందమే. ఒప్పుకున్నాను. మాలిమి కాకపోవడమేమిటి, ఎంతమంది పిల్లల్ని దారికి తెచ్చాను అనుకున్నాను. నాకు ఆడపిల్లల్లేరు. ఈ పిల్ల నా చేతుల మీద పెరగాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గనుక. ఇప్పుడు చెబుతున్నాను.

*

ఫక్రున్నీసా గారితో మొదలైన ఉమ్ము ఇల్లంతా పాకింది. తల్లి ఆఫీసుకు తయారై బొట్టు పెట్టుకుంటుంటే వెళ్ళి ఉమ్మేది. తండ్రి ఎత్తుకుని గాల్లోకి ఎగరేస్తే పైనుంచి ఉమ్మేది. లిఫ్టు తలుపు తెరిచి "దా పాపా" అని పిలిచిన వాచ్‌మన్ యేసుబాబు మీద ఉమ్మేది. మనుషులతో ఆగిందా? గోడ మీద క్యాలెండర్‌లో నెమలి మీద, బాల్కనీలో పూసిన మందారం మీద, తన కొత్త చెప్పుల మీద. మావారు వెంకటకృష్ణారావు గారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన భుజం మీద తువ్వాలు అందుకోసమే వేసుకునేవారు.

"ఆకాశం మీద ఉమ్మితే తిరిగి మన మొహం మీదే పడుతుందంటారు. దీనికా శ్రమ లేదు పద్మా, నేరుగా నా మొహం మీదే!" అని మురిసిపోయేవారు.

"మీరు నవ్వబట్టే అది ఉమ్ముతోంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"రెండేళ్ళ పిల్లని ఇప్పుడే మానుని చేశావేంటే!"

చల్లపల్లికి ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. "ఏం వదినగారూ, మీ చేలో కూలీలు గుట్కాలు అవీ నములుతుంటారా? పిల్లకీ పాడు అలవాటెక్కడిది?"

"రామ రామ! మా ఇంట్లో కిళ్ళీ కూడా వేసుకోరండీ. ఇక్కడున్నన్నాళ్ళూ బంగారంలా ఉంది. ఏం పెడుతున్నారో ఏమో మీరు!"

అంటే నా వంటలో లోపమన్నమాట. సరే, ఇది నేనే తేల్చుకోవాలి అనుకున్నాను. వాష్‌బేసిన్ దగ్గర పీట వేసి పిల్లను ఎక్కించి, "ఉమ్మితే ఇదిగో, ఇందులో ఉమ్మాలి. మనుషుల మీద కాదు," అని పొద్దునా సాయంత్రం పాఠం చెప్పాను. సూక్ష్మజీవుల బొమ్మలు వేసి చూపించాను. ఆ బొమ్మలకు కళ్ళూ ముక్కూ కాస్త ముద్దుగా వచ్చినట్టున్నాయి, వాటి మీదా ఉమ్మింది. విచిత్రమేమిటంటే, పళ్ళు తోమాక "ఇప్పుడు ఉమ్మమ్మా" అంటే మటుకు పేస్టు గుటుక్కున మింగేసేది. ఎంత బతిమాలినా వాష్‌బేసిన్‌లో ఒక్క చుక్క వేసేది కాదు.

పళ్ళ మాట వచ్చింది గనుక ఇంకొకటి చెప్పాలి. నావి పై వరస మొత్తం కట్టుడు పళ్ళు. ఈ సంగతి కట్టిన డాక్టరుకూ మావారికీ తప్ప మూడో మనిషికి తెలియదు. తలుపు గడియ వేసుకోకుండా వాటిని ఏనాడూ తీయలేదు. క్లాసులో ప్రతి అక్షరం గంట కొట్టినట్టు పలికే పద్మావతి టీచరు, పళ్ళు తీస్తే 'చ' అనలేదు, 'స' అనలేదు. అది లోకానికి తెలియాల్సిన అవసరం ఏముంది?

ఇంతమంది మీద ఉమ్మిన పిల్ల నా మీద మాత్రం ఒక్కసారి కూడా ఉమ్మలేదు.

ఇది నా ఘనత. ఎక్కడ ఎవరు కనిపించినా చెప్పుకునేదాన్ని. "చూశారా, నా దగ్గర దాని ఆటలు సాగవు. నేనంటే భయమూ భక్తీ ఉన్నాయి." దుర్గకు చెప్పాను, ఫక్రున్నీసా గారికి చెప్పాను, కూరగాయల బండి దగ్గర కూడా చెప్పాను. నిజంగానే పిల్ల నా దగ్గర బుద్ధిగా ఉండేది. కూర్చోమంటే కూర్చునేది. పెట్టింది తిని "చాలు నానమ్మా" అని లేచేది. బొమ్మలు తీసిన చోటే పెట్టేది. నేను మాత్రం "ముద్దు", "బంగారం" లాంటివి అనేదాన్ని కాదు. పరీక్షకు ముందే మార్కులు వేస్తే ఏ పిల్ల చదువుతుంది? మధ్యాహ్నం మావారి పొట్ట మీద పడుకుని నిద్రపోయేది. సాయంత్రం తల్లి వచ్చే వేళకి తలుపు దగ్గర కూర్చునేది. రోజుకొకసారి, "అమ్మమ్మ దగ్గికి పోదాం," అని నన్నే అడిగేది, పర్మిషన్ అడిగినట్టు.

*

మే నెలలో సీతారావమ్మ గారు ఆవకాయ సంబారంతో చల్లపల్లి నుంచి దిగారు. ఏటా ఎవరి ఆవకాయ వాళ్ళం పెట్టుకునేవాళ్ళం. ఈసారి పిల్లను చూడాలన్న సాకు కోసం, కారమూ ఆవపిండీ తనే కొట్టించి తెస్తానన్నారు. కాయలు మాత్రం మావారు మైలవరం వైపు తోటలనుంచి తెప్పించి, ముక్కలు కొట్టించి ఉంచారు.

ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే కీర్తన పరుగెత్తుకెళ్ళి మెడకు చుట్టుకుపోయింది. ఆ చెంప మీద థూ, ఈ చెంప మీద థూ, నుదుటి మీద ఇంకొకటి. ఆవిడ కొంగుతో తుడుచుకుంటూ నవ్వుతూ, "ఓసి నీ దుంపతెగ! ఇదేనా మీరు ఫోన్లో చెప్పింది?" అన్నారు.

"చూశారుగా," అన్నాను జాలిగా. "మీరంటే లెక్కలేదు. నా మీద ఉమ్మమనండి చూద్దాం."

హాల్లో నేల మీద పాత దుప్పటి పరిచి, ఫ్యాను కూడా ఆపి, పెద్ద స్టీలు బేసిను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. బెజవాడ మే నెలలో ఫ్యాను లేకుండా కూర్చోవడమంటే మాటలు కాదు. ఫక్రున్నీసా గారు వెల్లుల్లి ఒలిచిపెడుతున్నారు. మావారు చేతులు కడుక్కుని వస్తే, తడి చేతులతో దగ్గరికి రావద్దని ముగ్గురం ఒకేసారి అరిచాం. ఆవకాయకు నీటి చుక్క తగిలితే బూజు పట్టిపోతుంది. కొడుకు పెళ్ళిలో కూడా నేనంత జాగ్రత్తగా లేను.

ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, ముక్కలు వేసి, నువ్వుల నూనె పోసి కలుపుతుంటే రంగు తేలింది. ఎర్రగా, మెరుస్తూ. సీతారావమ్మ గారు వంగి చూసి బుగ్గ మీద చెయ్యి వేసుకున్నారు.

"అబ్బ, ఏం రంగండీ వదినగారూ! నా దిష్టే తగిలేట్టుంది!" అంటూ మొహం పక్కకు తిప్పుకుని, ఉత్తుత్తినే, గాల్లోకి, "థూ థూ," అన్నారు.

కీర్తన ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. అమ్మమ్మ భుజం మీద చెయ్యి ఆనించి, బేసినులోకి వంగి, నోరు సున్నాలా చుట్టి...

థూ!

ఏడాది ఆవకాయ మధ్యలో, సరిగ్గా నడిబొడ్డున.

ఫక్రున్నీసా గారి చేతిలో వెల్లుల్లి కిందపడింది. మావారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉన్నారు. నేను మోచేతుల దాకా కారంతో, ఎక్కడా ముట్టుకోలేక, అరవబోయి పిల్ల మొహం చూశాను. తప్పు చేసిన మొహం కాదు. ఇలాంటి మొహాలు నేను క్లాసులో చూశాను. బొమ్మ సరిగ్గా గీసి నోటుబుక్కు పైకెత్తి చూపించే పిల్లల మొహం అలా ఉంటుంది.

"ఎందుకు ఉమ్మావు కీర్తనా?" అన్నాను. నా గొంతు నాకే మెల్లగా వినిపించింది.

"ఎయ్యగా బావుంది," అంది బేసినులోకి చూపించి. "దిత్తి పోయింది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సీతారావమ్మ గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు.

"ఓరి దేవుడో! నా వల్లేనండీ! రోజూ సందెవేళ దీనికి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, ముమ్మారు ఉమ్మించి పొయ్యిలో వేసేదాన్ని. 'ఎందుకే అమ్మమ్మా?' అంటే, 'నువ్వు మరీ బావున్నావు తల్లీ, దిష్టి పోవాలి' అనేదాన్ని. బాగున్నవాటన్నిటి మీదా ఉమ్మాలనుకుందండీ ఇది!"

మా ఇంట్లో దిష్టి అన్న మాటే నేను నిషేధించాను. గుమ్మానికి గుమ్మడికాయ కట్టనివ్వను. అందుకే ఇన్నాళ్ళూ ఆ వైపు నా ఆలోచన పోనే లేదు. ఇప్పుడు ఒక్కొక్కటే దానంతటదే విడిపోయింది. గౌను కుట్టి తెచ్చిన ఫక్రున్నీసా గారు. బొట్టు పెట్టుకుంటున్న తల్లి. నెమలి, మందారం, కొత్త చెప్పులు. వాష్‌బేసిన్‌లో ఎందుకు ఉమ్మలేదో కూడా తెలిసింది. దిష్టి తీయడానికి వాష్‌బేసిన్‌లో ఏం అందముంది గనుక!

"అంటే అది నన్ను ముద్దు చేసిందా!" ఫక్రున్నీసా గారు చెంప తడుముకున్నారు. "అనవసరంగా తుడుచుకున్నానే! మావాళ్ళు అందుకే మాషా అల్లా అంటారండీ. మాటతో సరిపోతుంది, తడి ఉండదు."

మావారు నిటారుగా నిలబడి మీసం సర్దుకున్నారు. "చూశావా పద్మా! రోజుకి పదిసార్లు! ఈ ఇంట్లో నా అంత అందగాడు..." అంటూ నావైపు తిరిగారు. "మరి నీ మీద..."

అక్కడ ఆగిపోయారు. ఆ రోజు సెలవు పెట్టిన దుర్గ వంటగది గుమ్మంలోనుంచి నన్ను చూసి చప్పున తల దించుకుంది. బజారులో కూరగాయల బండి దగ్గర కూడా టముకు వేసుకున్న నా ఘనత ఏమిటో అందరికీ ఒకేసారి అర్థమైంది.

"చిన్న జాడీ ఒకటి ఇలా ఇవ్వు దుర్గా," అన్నాను. పిల్ల ఉమ్మిన చోట పైపైన రెండు గుప్పిళ్ళు తీసి దాంట్లో వేశాను. "ఇది విడిగా ఉంచండి. ముందు ఇదే తినెయ్యాలి."

"అది నాది," అన్నారు మావారు.

*

మనిషికి ఏడుపొచ్చినా పని ఆగకూడదన్నది నా సిద్ధాంతం. కారణం తెలిశాక రోగం కుదర్చడం కష్టం కాదు. దిష్టి తీయడం మానమంటే పిల్ల మానదు. తడి లేని దిష్టి ఏదైనా కావాలి. ఆ రాత్రి భోజనాల దగ్గర సీతారావమ్మ గారే పిల్ల బుగ్గలు నిమిరి, తన కణతలకు వేళ్ళు ఆనించి మెటికలు విరిచారు. టకటకమన్నాయి. నేను ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాను.

"వదినగారూ, అదీ దిష్టి తీయడమేగా?"

"ఎందుక్కాదండీ!"

మర్నాటినుంచి మెటికల పాఠం మొదలుపెట్టాం. దిష్టి అన్న మాటే గిట్టని నేను, దిష్టి తీసే పద్ధతిని పిల్లకు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతుంటే మావారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. కీర్తన వేళ్ళకు ఇంకా మెటికలు విరగవు. అందుకని ఎదుటివాళ్ళ బుగ్గలు తాకి, తన కణతలకు గుప్పిళ్ళు ఆనించి, నోటితో "తిక్ తిక్" అనేది. ఫక్రున్నీసా గారు వచ్చి దానికి తమ మాషా అల్లా కూడా తగిలించారు. "మాతల్లా, తిక్ తిక్!" అదీ మంత్రం. వారం తిరిగేసరికి లిఫ్టులో యేసుబాబు మొహం పొడిగా ఉంది. క్యాలెండర్‌లో నెమలి పొడిగా ఉంది. ఇల్లంతా తిక్ తిక్.

నాకు మాత్రం తిక్ కూడా లేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఉమ్ము ఉన్నన్నాళ్ళూ, ఎప్పుడో ఒకనాడు నా మీదా పడుతుందన్న ఆశకైనా చోటుండేది. ఆ ఉమ్మునే నేను తుడిచిపెట్టాను. అయినా ప్రయత్నం మానలేదు. రిటైర్మెంటు రోజు కట్టుకున్న వెంకటగిరి చీర ఏ పండుగా లేకుండా కట్టుకుని, పిల్ల ముందు అటూ ఇటూ తిరిగాను.

"నానమ్మ ఎలా ఉంది?"

"బళ్ళోకా?" అంది.

తలలో మల్లెపూలు పెట్టుకున్నాను. పువ్వుల వైపు తిరిగి, "మాతల్లా, తిక్ తిక్," అంది. పువ్వులకే. నాకు కాదు. మావారు ఆ చిన్న జాడీలోంచి రోజూ ఆవకాయ వేసుకుని, "ఏమాటకామాటే, ఇంత రుచి ఎప్పుడూ రాలేదు," అంటుంటే, జాడీ లాక్కుని దాచెయ్యాలనిపించేది.

జూన్ వచ్చింది. బళ్ళు తెరిచే వారం వచ్చింది. మొదటి వాన కురిసిన మర్నాడు సీతారావమ్మ గారు వచ్చారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఎందుకొచ్చారని అడగలేదు. ఒప్పందం అందరికీ గుర్తుంది.

"ఏడవట్లేదు కదమ్మా ఇక్కడ," అంది దుర్గ వాళ్ళమ్మతో. కళ్ళు మాత్రం నా వైపే.

"అమ్మమ్మ దగ్గరికి పోదామని రోజూ అడుగుతుంది," అన్నాను నేను. అబద్ధం చెప్పడం నాకు రాదు. "నా దగ్గర బుద్ధిగా ఉంటుంది. పసిపిల్ల బుద్ధిగా ఉండటం మాలిమి కాదు వదినగారూ. నేను అనుకున్నది వేరు. ఒప్పందం ప్రకారం తీసుకెళ్ళండి."

"తొందరేముంది పద్మా..." అన్నారు మావారు.

"బళ్ళు తెరుస్తున్నారు. మాటంటే మాటే."

సీతారావమ్మ గారు సంతోషపడతారనుకున్నాను. ఆవిడ పిల్ల గౌన్లు మడత పెడుతూ తల ఎత్తలేదు. సంచీ నిండింది. భోజనాలయ్యాయి. మూడు గంటల బస్సు. అందరి ముందూ ఏడవడం ఇష్టం లేక, పళ్ళలో మామిడి పీచు ఇరుక్కుందని మనసులోనే సాకు చెప్పుకుని, మా గదిలో వాష్‌బేసిన్ దగ్గరికి పోయాను. మొహం కడుక్కున్నాను. పై పళ్ళు తీసి కుళాయి కింద కడుగుతూ కాసేపు ఏడ్చాను. పళ్ళు లేకుండా ఏడిస్తే శబ్దం వేరుగా వస్తుందని అప్పుడే తెలిసింది.

గడియ వేయడం మరిచిపోయాను.

"నానమ్మా?"

తిరిగి చూశాను. ఊరికెళ్ళే గౌను, చెప్పులు వేసుకుని కీర్తన గుమ్మంలో నిలబడి ఉంది. నా నోటి వైపు చూసింది. నా చేతిలో పళ్ళ వైపు చూసింది. మళ్ళీ నోటి వైపు. కళ్ళు ఇంతింత చేసుకుని దగ్గరికొచ్చింది.

నా పరువు పోయింది. చేత్తో నోరు మూసుకోబోతే చేతిలో పళ్ళున్నాయి. "చూడకు! అవతలికి పో!" అని కసిరాను. కసిరాననుకున్నాను. పళ్ళు లేని నోట్లోంచి వచ్చింది వేరు.

"థూడకు! ఫో!"

మాటతో పాటు తుంపర. పిల్ల నుదుటి మీద, కనురెప్పల మీద, రెండు బుగ్గల మీదా, చక్కగా, సమంగా.

వేసవంతా ఏ పని మీద యుద్ధం చేశానో ఆ పని నేనే చేశాను. నేను కొయ్యబారిపోయాను. పిల్ల మెల్లగా చెయ్యెత్తి బుగ్గ తడుముకుంది. తడి వేళ్ళు చూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. దాని మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"దిత్తా?" అంది, గుసగుసగా. "నాకా?"

అప్పుడు తెలిసింది నాకు. అమ్మమ్మ దానికి దిష్టి తీసింది. తల్లి ముద్దు పెట్టింది, తాత గుండెల మీద పడుకోబెట్టుకున్నారు, ఫక్రున్నీసా గారు బంగారుకొండ అన్నారు. వాళ్ళందరికీ పిల్ల తిరిగి ఇచ్చింది, అంతే. నువ్వు బాగున్నావని నేను దానికి ఒక్కసారైనా చెప్పింది ఎప్పుడు?

కింద కూర్చున్నాను. మోకాళ్ళు కటుక్కుమన్నాయి. "ఔను, నీకే," అన్నాను. "నువ్వు థాలా బావున్నావు. నా బంగారు థల్లి. థాలా థాలా బావున్నావు."

ప్రతి మాటకీ తుంపర. పిల్ల కళ్ళు మూసుకుని, మొహం ఎత్తి పెట్టి, వానలో తడిసినట్టు తడిసింది, కిలకిలా నవ్వుతూ. తర్వాత కళ్ళు తెరిచింది. నా బుగ్గలు రెండూ తాకింది. కణతలకు గుప్పిళ్ళు ఆనించుకుంది. "మాతల్లా," అని మొదలుపెట్టింది. ఆగింది. నా బోసినోటిని మళ్ళీ ఒకసారి చూసింది. ఇంత గొప్పదానికి పొడి దిష్టి చాలదనుకుందో ఏమో, చేతులు దించేసింది. నోరు సున్నాలా చుట్టింది.

థూ!

ముక్కు మీద పడింది. అక్కణ్ణుంచి పెదవి దాకా జారింది. నేను తుడుచుకోలేదు.

పిల్లను చంకనేసుకుని అలాగే హాల్లోకి వచ్చాను. దుర్గ నన్ను చూసి ఉలిక్కిపడి లేచింది. "అయ్యో అత్తయ్యా! మీ మీద కూడానా! ఉండండి, తువ్వాలు..."

"థుడవకు!" అన్నాను.

దుర్గ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. మావారు నా నోటి వంక చూసి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, కంగారుగా గొంతు తగ్గించి, "ఏమే, పళ్ళేవీ?" అన్నారు.

అప్పుడు కీర్తన, నా చేతిలోంచి ఎప్పుడు లాక్కుందో ఏమో, గుప్పిట విప్పి అందరికీ చూపించింది. వాటికి కూడా అప్పటికే దిష్టి తీసేసినట్టుంది, తడిగా మెరుస్తున్నాయి.

ముందు నవ్వింది నేనే. పళ్ళు లేకుండా, నోరంతా తెరిచి, ఇంతమంది ముందు. తర్వాత ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వులకు ఎదుటి ఫ్లాటు తలుపు తీసుకుని ఫక్రున్నీసా గారు కూడా వచ్చారు. సీతారావమ్మ గారు నవ్వుతూనే నా మొహాన్ని చూశారు, నా మెడ చుట్టూ బిగిసిన పిల్ల చేతుల్ని చూశారు. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"నేనే వారం వారం వస్తుంటాలెండి వదినగారూ," అన్నారు.

నేల మీద కూర్చుని, సంచీ జిప్పు లాగి, గౌన్లు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టారు. అన్నిటికన్నా పైన ఫక్రున్నీసా గారు కుట్టిన గౌను ఉంది.